ఎడమచేతి తీగలు

కిందటి వారం మనం భావనారాయణను జగ్గయ్యపేట బస్టాండులో, గోనెగుడ్డ సంచీలో చుట్టిన గిటారుతో, బెజవాడ బస్సు కోసం నిలబడి ఉండగా వదిలాం. తమ్ముడు వరప్రసాదరావు టైఫాయిడుతో కన్నుమూసి పదకొండు నెలలు కావస్తున్నది. అంతకు ఆరేళ్ల ముందు నుంచే అన్నదమ్ములకు మాటలు లేవు. తాలూకా ఆఫీసులో అన్న పట్టుబట్టి వేయించిన గుమాస్తా పని వదిలేసి, పెళ్లిళ్లలోనూ నాటకాల్లోనూ గిటారు వాయించుకుంటూ బతుకుతానన్నాడు ప్రసాదు. "అయితే నా గడప తొక్కకు" అన్నాడు భావనారాయణ. ప్రసాదు మళ్లీ తొక్కలేదు. ఆసుపత్రివాళ్లు శవంతోపాటు అప్పగించినవి రెండు జతల బట్టలు, ఒక దువ్వెన, ఈ గిటారు.

ఇప్పుడు నలభై ఏడేళ్ల లెక్కల మాస్టారు ప్రతి ఆదివారమూ నందిగామ వెళ్లి, ప్రసాదు స్నేహితుడు, సైకిళ్లు బాగుచేసే స్తెఫను దగ్గర ఆ గిటారే నేర్చుకుంటున్నాడు. ఏడు నెలలైంది. కోరిక ఒక్కటే. ప్రసాదు సొంతంగా కట్టిన పాట ఒకటుంది. మాటలు లేని పాట; తన మీద బెంగతోనే కట్టాడని భావనారాయణ నమ్మకం. అది స్తెఫనుకు వచ్చు. తమ్ముడి సంవత్సరీకం నాడు దాన్ని తప్పు లేకుండా వాయించాలి. సంవత్సరీకానికి ఇంకా అయిదు వారాలుంది. భార్య ప్రసూనాంబ ఈ పని విషయంలో ఔనని గానీ, కాదని గానీ అనలేదు. ఊరు మాత్రం అనవలసినవన్నీ అన్నది.

బస్సు చిల్లకల్లులో ఆగినప్పుడు రత్తయ్య ఎక్కాడు. ఆయన కొడుకులిద్దరూ భావనారాయణ దగ్గర చదువుకున్నవాళ్లే.

"ఏంటి మాస్టారూ, ఇంకా నేర్చుకుంటానే ఉన్నారా?" అన్నాడు సంచీ వంక చూసి, పక్కన సర్దుకుని కూర్చుంటూ.

"నేర్చుకుంటున్నా రత్తయ్యా."

"మావాడు ఎక్కం తప్పితే తొడపాశం పెట్టేవోరు. మరి మీరు తప్పితే స్తెఫను ఏం పెడతాడండీ?"

బస్సులో నలుగురూ నవ్వారు. భావనారాయణ కూడా నవ్వబోయాడు. "ఏమీ పెట్టడు. మళ్లీ వాయించమంటాడు."

"అదీ బాగానే ఉంది." రత్తయ్య గొంతు తగ్గించాడు. "ప్రసాదుబాబు మా ఊళ్లో పెళ్లికి వచ్చి వాయించాడండీ ఒకసారి. పెళ్లికూతుర్ని వదిలేసి జనమంతా అతని చుట్టూ చేరారు. మీరు చూడలేదు గానీ..."

ఆ మాట అక్కడితో ఆపి, ఆయన కిటికీలోంచి మిరపచేల వంక చూడసాగాడు.

చూడలేదు. తమ్ముడు గిటారు పట్టుకోగా భావనారాయణ ఒక్కసారి కూడా చూడలేదు. బడిలో ఏ లెక్కకైనా ఇచ్చిన అంశాలు కొన్ని ఉండాలి, వాటిమీద తెలియనిది కనుక్కోవాలి. తమ్ముడి విషయంలో తనకు ఇచ్చిన అంశాలంటూ ఏమీ లేవని, ఉన్నవి తనే చెరిపేసుకున్నానని, ఈ బస్సులో కూర్చున్న ప్రతి ఆదివారమూ అతనికి తెలిసివస్తూనే ఉన్నది.

నందిగామలో స్తెఫను కొట్టు బస్టాండుకు దగ్గరే. ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికి వచ్చి, అన్నం తిని, కొట్టు తలుపుచెక్కలు రెండు మాత్రం తీసి కూర్చుంటాడు. పై నుంచి టైర్లు వేలాడుతుంటాయి. మాస్టారికి ఒక చెక్కపెట్టె, తనకు ఒక చెక్కపెట్టె. మొదటి రెండు వారాలు భావనారాయణ అతన్ని "నువ్వు" అన్నాడు. మూడో వారం నుంచి "మీరు" అనసాగాడు. నేర్పేవాణ్ణి నేర్చుకునేవాడు అలా పిలవడమే సబబని అతనికి తోచింది. స్తెఫను ఆ రోజున ఎంత ఇబ్బందిపడ్డాడో చెప్పలేం.

ఈ ఆదివారం కొట్టులో మూడో మనిషి ఉంది. స్తెఫను తల్లి పుల్లమ్మ. కూతురి కాన్పుకని కంచికచర్ల వెళ్లి, బిడ్డకు ఒంట్లో బాగుండక ఏడు నెలలు అక్కడే చిక్కుపడిపోయి, నిన్ననే తిరిగి వచ్చింది. నలభై ఏళ్లు నందిగామ చుట్టుపక్కల మంత్రసానితనం చేసిన మనిషి. ఇంటికీ కొట్టుకూ మధ్య గడప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటున్నది.

"ప్రసాదు అన్నగారమ్మా," అన్నాడు స్తెఫను.

"తెలిసింది. మొహంలో పోలిక ఉందిగా," అన్నదామె. దండం పెట్టలేదు. "కూర్చోండి పంతులుగారూ."

భావనారాయణ సంచీ విప్పి గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. ప్రసాదు పాట మొదలుపెట్టాడు. మూడో వరస వరకు బాగానే నడిచింది. అక్కడ లావు తీగ, ఎప్పటిలాగే, జీరగా పలికింది. ఎంత జాగ్రత్తగా మీటినా ఆ జీర పోదు. ముదిరిన వేళ్ల వల్లనే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ.

"అదేందిరా, ఆ పెట్టెని అట్టా తిరగేసి పట్టుకున్నారు?" అన్నది పుల్లమ్మ.

స్తెఫను తల్లి వంక చూసి, ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

భావనారాయణ వాయించడం ఆపాడు. చదువు లేని మనిషికి ఓర్పుగా చెప్పడం అతనికి కొత్త కాదు. "తిరగేయలేదమ్మా. ఇదే పద్ధతి. కుడిచేత్తో మీటాలి, ఎడమచేత్తో మెట్ల మీద నొక్కాలి. నా దగ్గర పుస్తకం ఉంది, అందులో బొమ్మ కూడా ఉంది."

"బొమ్మ సంగతి నాకు తెలీదు బాబూ. పిల్లోడు మాత్రం ఇటు పట్టుకునేవాడు." ఆమె తన ఎడమచేతిని గాలిలో కిందికీ మీదికీ ఆడించి చూపించింది. "పుర్రచేత్తో."

"అమ్మా, నువ్వు లోపలికి పో," అన్నాడు స్తెఫను.

"పోతాలేరా. ఉన్న మాటేగా అన్నాను."

భావనారాయణ కాసేపు గిటారునే చూశాడు. తీగల కింద గుండ్రటి రంధ్రం ఉంది. దానికి పైవైపున చెక్క మీద పాలిష్ అరిగిపోయి, గీతలు గీతలుగా ఉంది. మీటే బిళ్ల తగిలి అరిగిన గీతలు. తను మీటేది కిందివైపు. కిందివైపు చెక్క అద్దంలా ఉంది. ఏడు నెలలుగా అది తన కళ్ల ముందే ఉన్నది.

"స్తెఫను గారూ. నిజమేనా?"

"మీకు తెలుసనుకున్నానండీ." స్తెఫను తల దించుకుని, చేతిలోని రెంచీని అటూ ఇటూ తిప్పాడు. "మీరు మొదటిసారి వచ్చినప్పుడే తీగలు కుడిచేతి వరసలో ఉన్నాయి కదండీ. మీ చేతికి తగ్గట్టు మార్పించుకున్నారనుకున్నా."

మార్పించుకోలేదు. తనే మార్చాడు. కర్మకాండ ముగిసిన మర్నాడు గిటారు తీసి, బెజవాడ నుంచి తెచ్చుకున్న పుస్తకం పక్కన పెట్టి చూశాడు. బొమ్మలో లావు తీగ పైన, సన్న తీగ కింద ఉన్నాయి. గిటారు మీద అంతా తలకిందులుగా ఉంది. ఎవరో తెలియనివాళ్లు తప్పుగా బిగించారనుకున్నాడు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఆరు తీగలూ విప్పి, పుస్తకంలో ఉన్నట్టే తిరిగి బిగించాడు. విప్పేటప్పుడు ఒక సన్న తీగ తెగితే కొత్తది కొని వేశాడు. పిల్లవాడి పలక మీద తప్పు తుడిచి ఒప్పు రాసినప్పుడు కలిగే తృప్తి ఆ సాయంత్రం అతనికి కలిగింది. ఆ తృప్తి అతనికి ఇప్పుడు స్పష్టంగా గుర్తుకు వచ్చింది.

"మరి ఈ జీర?"

స్తెఫను దగ్గరికి వచ్చి, గిటారు మెడ చివర తీగలు ఆనే ఎముక పట్టీని వేలితో తాకాడు. "ఈ గాట్లు ప్రసాదే కోసుకున్నాడండీ, నా ఆకురాయితో, ఇక్కడే కూర్చుని. లావు తీగకి లావు గాటు అటు పక్కన, సన్న తీగకి సన్న గాటు ఇటు పక్కన. ఇప్పుడు లావు తీగ సన్న గాట్లో ఇరుక్కుంది. అందుకే ఆ జీర. పట్టీ మార్పిద్దామని మొదట్లోనే అన్నా గదండీ. 'మా తమ్ముడి చేతి పని, దాన్ని ముట్టుకోవద్దు' అన్నారు మీరు."

అన్నాడు. ఆ మాట తనకు నచ్చింది కూడా. ఇంటికి వెళ్లి ప్రసూనాంబకు చెప్పాడు.

పుల్లమ్మ ఆకు నోట్లో పెట్టుకోలేదు. చేతిలోనే ఉంచుకుని అతన్నే చూస్తున్నది. "పంతులుగారూ, ఒక మాట అడుగుతా. ఆ పిల్లోడు మా ఇంటికి అన్నానికి వచ్చిన మొదటిరోజు కుడిచేత్తో తిన్నాడు. అప్పగించిన పని చేస్తున్నట్టు తిన్నాడు. ముద్ద నోటిదాకా పోయేసరికి సగం కంచంలో పడేది. ఏందయ్యా, ముప్పై ఏళ్లొచ్చి అన్నం తినడం రాదా అన్నా. మా అన్నయ్య నేర్పాడమ్మా అని నవ్వాడు. మరుసటి వారం చూద్దును గదా, నేను నీళ్లకని అటు తిరగ్గానే ఎడంచేత్తో తింటున్నాడు. నన్ను చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. తాడిచెట్టంత పెరిగిన మగాడు, దొంగతనంలో పట్టుబడ్డ పిల్లాడల్లే. అన్నగారు ఎట్టా నేర్పారండీ?"

"అమ్మా!" అన్నాడు స్తెఫను.

"ఉండనివ్వండి," అన్నాడు భావనారాయణ. గిటారును గోడకు ఆనించాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బడిలో తనిఖీకి వచ్చిన అధికారి ముందు కూడా అతను అలాగే కూర్చునేవాడు.

"వాడికి ఏడేళ్లు. మా నాన్న పోయి రెండేళ్లు. నాకు అప్పుడే ఉద్యోగం వచ్చింది, ఒక పల్లెటూరి బడిలో. వాడు నా తరగతిలోనే కూర్చునేవాడు. ఎడమచేత్తో రాసేవాడు. ఎడమచేత్తోనే తినేవాడు. కొడితే మానలేదు. మాస్టారి తమ్ముడే అలా ఉంటే ఊళ్లో నా మాట ఎవరు వింటారనుకున్నాను. అప్పుడు..." సరైన మాట కోసం వెతికాడు. ఉన్నది ఒకటే మాట. "కట్టేశాను. ఎడమచేతిని వెనక్కి మడిచి, మణికట్టును మొలతాడుకు కట్టాను."

"ఎన్నాళ్లు?"

"ఆరు వారాలు."

"నిద్రలో గూడానా?"

"నిద్రలో కూడా. విప్పితే రాత్రి మళ్లీ అలవాటు వస్తుందనుకున్నాను."

పుల్లమ్మ చేతిలోని ఆకును గడప మీద పెట్టింది. రోడ్డు మీద ఒక లారీ పోయింది. వేలాడుతున్న టైర్లు కొంచెం కదిలాయి.

"నందిగామలో సగం మందిని ఈ చేతుల్తో బయటికి లాగా," అన్నదామె చివరికి. "ఏ బిడ్డా ఇది మంచి చెయ్యి, ఇది చెడ్డ చెయ్యి అని చెప్పుకుంటా రాలా. ఏడిచిందా లేదా అని చూసేవాళ్లం, అంతే. వాడు ఏడిచాడా పంతులుగారూ?"

"మొదటి వారం ఏడ్చాడు."

"తరవాత?"

"తర్వాత ఏడవలేదు."

అది కూడా అప్పట్లో విజయంగానే లెక్కవేసుకున్నాడు. ఇరవై అయిదేళ్లలో ఎందరు తల్లిదండ్రులకు చెప్పాడో ఆ కథ! 'మొక్కై వంగనిది మానై వంగునా? మా తమ్ముడిది పుట్టు ఎడమచేతివాటం. ఆరు వారాల్లో మాన్పించాను' అని. వాళ్లలో కొందరు ఇళ్లకు వెళ్లి అలాగే చేశారు. ఎందరో అతనికి తెలియదు. ఆ సంగతి మాత్రం పుల్లమ్మకు చెప్పలేకపోయాడు.

"శబ్దం ఒకటేనండీ మాస్టారూ," అన్నాడు స్తెఫను మెల్లగా. "ఎటు పట్టుకున్నా పాట అదే. మీరు ఏడు నెలలు కష్టపడ్డారు. ఇంకో అయిదు వారాలు. మా అమ్మ మాటలు పట్టించుకోకండి."

"తీగలు వాడు బిగించిన వరసలో మళ్లీ బిగించగలరా?"

"బిగిస్తానండీ. కానీ..."

"బిగించండి."

స్తెఫను ఆరు తీగలూ విప్పాడు. ఒక్కొక్కటే దాని గాట్లో కూర్చోబెట్టాడు. సైకిలు చక్రంలో పుల్లలు బిగించినంత జాగ్రత్తగా బిగించి, శ్రుతి చేసి, ఒకసారి వేలితో అన్నిటినీ మీటాడు. జీర లేదు. ఏడు నెలల్లో మొదటిసారి ఆ గిటారు నిండుగా పలికింది. ముగ్గురూ విన్నారు.

భావనారాయణ దాన్ని అందుకుని, మెడ కుడివైపుకు వచ్చేలా పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు మెట్ల మీద ఆనించాడు. ఎడమచేతిలోకి బిళ్ల తీసుకున్నాడు. మొదటి వారం నేర్చుకున్న మొదటి పాఠం, మూడే స్వరాలు. బిళ్ల తీగకు తగలకుండా పోయింది. రెండోసారి రెండు తీగలకు ఒక్కసారే తగిలింది. మూడోసారి చేతిలోంచి జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. ఏ వేలు ఎక్కడ ఉండాలో అతనికి తెలుసు. అడిగితే పలక మీద రాసి చూపించగలడు. తెలిసినది చేతిదాకా రావడం లేదు. ఎడమచెయ్యి తన భుజానికి ఎవరో తగిలించిపోయిన పరాయి వస్తువులా వేలాడుతున్నది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ ప్రయత్నించాడు. చెమట పట్టి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఎట్టా ఉంది పంతులుగారూ?" అని అడిగింది పుల్లమ్మ. ఆ గొంతులో ఎగతాళి లేదు. అదే భరించడం కష్టమైంది.

అతను స్తెఫను వైపు తిరిగి, "ఇలా నేర్చుకుని ఆ పాట వాయించాలంటే ఎన్నాళ్లు పడుతుంది?" అన్నాడు.

"మళ్లీ మొదట్నుంచీ కదండీ. ఈ వయసులో... ఏడాది. ఇంకా ఎక్కువే పట్టొచ్చు. వస్తుందని కూడా చెప్పలేనండీ." స్తెఫను బతిమాలుతున్నట్టు చెయ్యి చాపాడు. "ఇటివ్వండి మాస్టారూ, కుడిచేతికి మార్చేస్తా. పావుగంట పని."

"వద్దు. ఇలాగే ఉండనివ్వండి."

"అయితే సంవత్సరీకానికి?"

"సంవత్సరీకానికి పాట లేదు."

సంచీలో చుట్టి, తాడు కట్టి, లేచాడు. గడప దగ్గర పుల్లమ్మ కూడా లేచి నిలబడింది. అతను ఆమెకు నమస్కారం చేశాడు. ఆమె తల మాత్రం ఊపింది. క్షమించానని అనలేదు. అది తన చేతిలోని పని కాదని ఆమెకు తెలుసు.

తిరుగు బస్సులో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. గిటారును ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతిని దాని మీద ఉంచాడు. ఏడు నెలలు ఆదివారాలన్నీ దీనికే పోయాయి. వేళ్ల కొసలు కాయలు కాసి, సుద్దముక్క పట్టుకుంటే స్పర్శ తెలియడం లేదు. ఇంతా చేసి తను నేర్చుకున్నది ఏమిటి? తమ్ముడు ఈ గిటారులో దాచుకున్న ఎడమచేతిని కూడా, తమ్ముడు పోయాక, వెతికి పట్టుకుని దిద్దడం. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. వాడు ఏడ్చిన ఆ మొదటి వారంలోనే రావలసింది.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాడు. ప్రసూనాంబ వరండాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతున్నది. ప్రతి ఆదివారంలాగే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ప్రతి ఆదివారంలాగే, "ఎలా వచ్చింది ఇవాళ?" అని అడిగింది.

"ఇక రాదు." నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "నేను తీగలు తప్పు బిగించాను ప్రసూనా. వాడు ఎడమచేత్తో వాయించేవాడట. స్తెఫను ఇంట్లో ఎడమచేత్తోనే అన్నం తినేవాడట."

"తెలుసు," అన్నది ప్రసూనాంబ.

ఆమె ఎలా అన్నదంటే, అతను విననట్టు ఊరుకోవడానికి వీలు లేకపోయింది.

"ఏం తెలుసు?"

"తింటుంటే చూశాను. నేనే వడ్డించాను." చేట పక్కకు జరిపింది. "నెలకోసారి కంటి డాక్టరు దగ్గరికని నందిగామ వెళ్లేదాన్ని గదండీ, అయిదేళ్లు. నా కళ్లు బాగానే ఉన్నాయి. బస్టాండు వెనక ప్రసాదు ఒక గది తీసుకున్నాడు. క్యారేజీలో అన్నం పట్టుకెళ్లి పెట్టి, సాయంత్రం బస్సుకు వచ్చేసేదాన్ని."

ఆరేళ్లు ఈ ఇంట్లో తమ్ముడి పేరు పలకడానికి వీల్లేదని ఆంక్ష పెట్టింది భావనారాయణే. ఆమె ఒక్కసారీ పలకలేదు.

"అయితే ఆ పాట కూడా నీకు తెలుసు."

"తెలుసు."

"ఏడు నెలలుగా ఈ వరండాలో వాయిస్తుంటే విన్నావు. తప్పు వాయిస్తున్నానని ఒక్క మాట చెప్పలేదేం?"

"తప్పు వాయించలేదు. స్తెఫను నేర్పినంతవరకు బాగానే వాయించారు." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "అది ఎవరి కోసం కట్టాడో తెలియకుండా వాయించారు, అంతే. ప్రసాదు మీ మీద బెంగతో కట్టాడని మీరు అనుకుంటున్నారు. పోనీలే, అలాగే అనుకోనీ అని ఊరుకున్నాను."

"ఎవరి కోసం?"

ప్రసూనాంబ లేచి లోపలికి వెళ్లింది. అతను లెక్కల పుస్తకాలు దిద్దుకునే కుర్చీని ఈడ్చుకుంటూ తెచ్చి, అతని ఎదురుగా వేసింది. కాపరానికి వచ్చిన పాతికేళ్లలో ఆమె భర్త ఎదుట కుర్చీలో కూర్చున్నది లేదు. ఇప్పుడు కూర్చుంది. కొంగు సర్దుకుంది. అతని కళ్లలోకి చూసింది.

"చెబితే మీరు ఆ గిటారు మళ్లీ ముట్టుకోరు. చెప్పకపోతే నేనిక ఈ ఇంట్లో మీతో ఉండలేను. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."